ట్యాంగ్‌కి మందు కంటే ముందు

(హైదరాబాద్‌లో సముద్రపు చేపలు పెంచేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి పాఠం. మధ్యలోనూ చివర్లోనూ సభికులు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? ఒక్క నిమిషం, మైకు దగ్గరకి జరుపుకుంటాను.

మన వాట్సాప్ గ్రూపుల్లో తరచూ ఒకే రకం ఫొటో వస్తుంటుంది. ఎల్లో ట్యాంగ్ చేపో, బ్లూ ట్యాంగ్ చేపో, ఒళ్లంతా తెల్ల చుక్కలు. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, అర్జెంటు, ఏ మందు వెయ్యాలి?" ఇక జవాబులు చూడాలి. ఒకాయన వెల్లుల్లి అంటాడు, ఒకాయన హీటర్ పెంచమంటాడు, ఇంకొకాయన తన దగ్గర మిగిలిపోయిన సీసా అమ్మకానికి పెడతాడు. (నవ్వులు)

మందు గురించీ చెప్తాను, కంగారు పడకండి. కాకపోతే ఆ ఫొటో పెట్టే వేళకి జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ట్యాంగ్ మన ఇంట్లో ఏళ్ల తరబడి ఉంటుందా, నెల తిరక్కుండా పోతుందా అన్నది కొనేటప్పుడూ, కొన్న మొదటి నెలలోనూ తేలిపోతుంది. అందుకే ఇవాళ ఎక్కువ సేపు ఆ మొదటి నెల గురించే మాట్లాడతాను. మిగతావి దారిలో తగులుతాయి.

ముందు చేప గురించి రెండు మాటలు. మనం ట్యాంగ్ అని పిలిచేవన్నీ సర్జన్ ఫిష్ కుటుంబానివి. ఎనభై పైచిలుకు జాతులున్నాయి. తోక మొదట్లో రెండు పక్కలా చిన్న కత్తి ఉంటుంది. చాలా జాతుల్లో అది మడత కత్తి. మామూలప్పుడు ఒంట్లోకి ముడుచుకుని ఉంటుంది, కోపమొస్తే బయటకి తెరుచుకుంటుంది. చేప తోక ఒక్కసారి విదిల్చిందంటే పక్క చేప ఒంటి మీద గీత పడుతుంది, మీ చేతి మీద కూడా. దీనివల్ల ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది: ట్యాంగ్‌ని వలతో పట్టకండి. ఆ కత్తి వల దారాల్లో చిక్కుకుంటుంది, విడిపించడానికి మీరు తంటాలు పడుతుంటే చేప గుంజుకుంటుంది, తోక దగ్గర చర్మం చిరుగుతుంది. ప్లాస్టిక్ డబ్బా నీళ్లలో ముంచి, చేపని మెల్లగా అందులోకి తోలి, నీళ్లతో సహా ఎత్తండి. షాపులో కూడా అలాగే పట్టమని అడగండి, మొహమాటపడొద్దు.

ఇక బతుకు ఎంత అంటారా? హవాయిలో ఎల్లో ట్యాంగ్‌ల చెవి లోపల పెరిగే చిన్న రాళ్లలో ఏటా పడే వలయాలు లెక్కపెట్టి చూస్తే నలభై ఏళ్లు దాటినవి కూడా ఉన్నాయి. మీ పెళ్లి రోజున కొన్న చేప మీ మనవడి అన్నప్రాశనకి కూడా ఉండొచ్చన్నమాట. మన తొట్లలో అవి ఎన్నాళ్లుంటున్నాయో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

తొట్టి సైజు గురించి అందరూ లీటర్లలో అడుగుతారు. ట్యాంగ్ విషయంలో లీటర్ల కంటే పొడవు ముఖ్యం. ఇవి రోజంతా ఈదుతూ పగడపు దిబ్బ మీద మేస్తూ తిరిగే చేపలు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే పన్నెండు ఘనపుటడుగులు. ఘనపుటడుక్కి 28 లీటర్లు, అంటే దాదాపు 340 లీటర్లు. ఎల్లో ట్యాంగ్‌కి, టొమిని, కోలె లాంటి చిన్న జాతులకి అది కనీసం. పౌడర్ బ్లూ, సోహాల్, క్లౌన్ ట్యాంగ్... అంటే అకాంథూరస్ జాతులకి ఆరడుగులు ఉండాల్సిందే. నాసో ట్యాంగ్ నలభై అయిదు సెంటీమీటర్లకి పోతుంది, దాన్ని ఫ్లాట్‌లో పెట్టే ఆలోచన మానుకోండి.

సభికుడు: సార్, మూడడుగుల ట్యాంకులో బ్లూ ట్యాంగ్ పిల్లని పెట్టి, పెద్దయ్యాక మారిస్తే?

అందరూ అనే మాటే ఇది. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుంది, నిజమే. కానీ బ్లూ ట్యాంగ్ ముప్పై సెంటీమీటర్లు పెరిగే చేప, మొదట్లో వేగంగా పెరుగుతుంది. "పెద్దయ్యాక" అనే రోజు మీ కొత్త తొట్టి బడ్జెట్ కంటే ముందే వచ్చేస్తుంది. ఇరుకులో ఉన్న ట్యాంగ్ ఇటూ అటూ ఒకే గీత మీద తిరుగుతూ ఉంటుంది, మిగతా చేపలని తరుముతుంది, అదురుతూ బెదురుతూ ఉంటుంది. అలా బెదిరే చేపకే ముందు చుక్కలొస్తాయి. పెద్ద తొట్టి చేతికొచ్చాకే చేపని కొనండి.

ఇప్పుడు తిండి. నాకు ఇష్టమైన భాగం ఇది.

ట్యాంగ్ మేక లాంటిది. తెల్లారింది మొదలు చీకటి పడేదాకా నోరు ఆడుతూనే ఉండాలి. పొద్దున ఆఫీసుకి వెళ్తూ ఓ చిటికెడు, రాత్రి వచ్చి ఓ చిటికెడు వేసే లెక్క దీనికి సరిపోదు. పేగు పొడవుగా ఉంటుంది, నాచు అరిగించుకోవడానికి తగ్గట్టు. ఆ పేగులో ఏముంటుందో చెప్తే మీరు నమ్మరు. ఎర్ర సముద్రంలోని ఒక గోధుమ రంగు సర్జన్ చేప పేగులో 1985లో శాస్త్రవేత్తలకి ఒక జీవి కనబడింది. పొడవు అర మిల్లీమీటరు దాటుతుంది, భూతద్దం లేకుండా కంటికే కనిపిస్తుంది. అంత పెద్ద బ్యాక్టీరియా ఉంటుందని ఎవరూ ఊహించలేదు కాబట్టి అది ఇంకేదో సూక్ష్మజీవి అనుకున్నారు. 1993లో జన్యు పరీక్ష చేస్తే బ్యాక్టీరియానే అని తేలింది. పేరు ఎపులోపిసియం. చేప పేగు అంటే ఒక చిన్న ఊరు అనుకోండి, దానికి రోజూ నాచు సరఫరా కావాలి.

మనకి దొరికే తేలిక మార్గం నోరి. సుషీ చుట్టుకునే ఎండు సముద్రపు నాచు షీట్లు. పెద్ద సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ప్యాకెట్ వెనక చదివి కొనండి: ఉప్పు, నూనె, మసాలా ఏవీ ఉండకూడదు. పిల్లలు చిరుతిండిగా తినే చిన్న ప్యాకెట్లలో నూనె ఉంటుంది, అవి వద్దు. అరచేతిలో సగమంత ముక్క క్లిప్పుకి పెట్టి అద్దానికి అంటించండి. షాపు నుంచి వచ్చిన చేప క్లిప్పుని ఎప్పుడూ చూసి ఉండదు, దూరంగా జరుగుతుంది. అలాంటప్పుడు నోరి ముక్కని రబ్బరు బ్యాండుతో రాయికి చుట్టి పెట్టండి. రాయిని గీకడం దానికి పుట్టుకతో తెలుసు. రాయి మీద తినడం అలవాటయ్యాక ఆ ముక్కనే రోజురోజుకీ కొంచెం క్లిప్పు వైపు జరపండి. సాయంత్రానికి మిగిలిన పీలికలు తీసెయ్యండి, లేకపోతే పంపులో చుట్టుకుంటాయి.

అన్ని ట్యాంగ్‌లూ ఒకేలా తినవు. ఎల్లో ట్యాంగ్, సెయిల్‌ఫిన్ లాంటివాటికి ముక్కు పొడవు, రాళ్ల సందుల్లోంచి నాచు తెంపుకుంటాయి. కోలె, టొమిని వాటికి పళ్లు కుంచె వెంట్రుకల్లా ఉంటాయి. రాళ్ల మీద పేరుకున్న పలచటి పొరని దువ్వి తింటాయి. అందుకే కొత్త తొట్టిలో, తళతళలాడే రాళ్ల మధ్య, అవి ఆకలితో ఉంటాయి. తొట్టి పాతబడి రాళ్లకి పాచి పట్టాకే వాటిని తెచ్చుకోండి. బ్లూ ట్యాంగ్ దారి వేరు. సముద్రంలో అది ఎక్కువగా నీళ్లలో కొట్టుకొచ్చే సన్నటి పురుగుల్ని తింటుంది, దానికి నోరితో పాటు ఫ్రోజెన్ మైసిస్, అంటే గడ్డకట్టించి అమ్మే చిట్టి రొయ్యల్లాంటివి, కూడా రోజూ ఉండాలి. మిగతావాటికి కూడా వారంలో కొన్నిసార్లు మైసిస్ ఇవ్వండి, తప్పులేదు. చికెన్, మటన్ లాంటి మాంసం ముక్కలు మాత్రం వద్దు. పాలకూర, లెట్యూస్ అడుగుతుంటారు. నోరి దొరకని రోజున పెట్టొచ్చు, తింటుంది. కానీ అదే తిండిగా పెడితే చేప చిక్కిపోతుంది.

చిక్కిందో లేదో ఎలా చూడాలి? పక్క నుంచి చూస్తే ఏ ట్యాంగ్ అయినా గుండ్రంగానే కనిపిస్తుంది, పళ్లెంలా ఉంటుంది కాబట్టి. అది మీ వైపు తిరిగి ముఖాముఖి వచ్చినప్పుడు చూడండి. కంటి పైన, తల వెనక వీపు నిండుగా ఉందా, లేక కత్తి అంచులా సన్నబడిందా? పొట్ట కింద గుంట పడిందా? వీపు సన్నబడితే చేప చాలా రోజులుగా ఆకలితో ఉందని అర్థం. షాపులో మీరు చూడాల్సింది ఇదే. రంగు చూసి కొనేస్తారు, పాపం. రంగు చివరిదాకా బాగానే ఉంటుంది.

షాపులో ఇంకొకటి: "ఒకసారి మేత వెయ్యండి, చూస్తాను" అనండి. మీ ముందు తినని ట్యాంగ్‌ని కొనొద్దు. ఎంత తగ్గించి ఇస్తామన్నా సరే. తింటున్నా కూడా పూర్తిగా నమ్మలేం. ఫిలిప్పీన్స్, ఇండోనేసియా వైపు చాలా ఏళ్లుగా సోడియం సైనైడ్ చల్లి, మత్తెక్కిన చేపల్ని ఏరుకునే పద్ధతి ఉంది. అలా పట్టిన చేప లోపలి అవయవాలు దెబ్బతిని, కొన్నిసార్లు బాగా తింటూనే చిక్కిపోతుంది. అలాంటిదాన్ని అద్దంలోంచి చూసి కనిపెట్టే మార్గం మనకి లేదు. తొట్లలో పుట్టిన చేప దొరికితే దాన్నే తీసుకోమని నేను చెప్పడానికి ఇదొక కారణం. ఎల్లో ట్యాంగ్‌ని 2015లో హవాయిలోని ఓషనిక్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లల్ని చేయించగలిగారు. మరుసటి ఏడాది, 2016లో, ఫ్లోరిడా యూనివర్సిటీ లాబ్‌లో బ్లూ ట్యాంగ్ పిల్లలు వచ్చాయి. ఈ గుడ్లు పొదిగాక వచ్చే పిల్లలు ఎంత చిన్నవంటే వాటి నోట్లో పట్టే మేత తయారు చెయ్యడానికే ఏళ్లు పట్టింది. 2017లో హవాయి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్కడ ఎల్లో ట్యాంగ్‌ల పట్టివేతకి అడ్డుకట్ట పడింది. ధర ఆకాశానికి వెళ్లింది. తొట్లలో పుట్టిన చేప ఖరీదే, కానీ అది మనిషిని చూసి బెదరదు, మేత గుళికలు మొదటి రోజు నుంచే తింటుంది.

సరే. ఇప్పుడు తెల్ల చుక్కలు.

ఆ చుక్కకి కారణం క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. మనవాళ్లు మెరైన్ ఇక్ అంటారు. దాని బతుకు ఎలా నడుస్తుందో తెలిస్తే, గ్రూపుల్లో వచ్చే సలహాల్లో చాలావాటిని మీరే కొట్టిపారేస్తారు. కొంచెం శ్రద్ధగా వినండి.

మీకు కనిపించే చుక్క ఆ పురుగు ఇల్లు. చేప చర్మం పైపొర కిందికి దూరి, చర్మాన్ని తింటూ మూడు నుంచి ఏడు రోజులు అక్కడుంటుంది. తర్వాత తనంతట తానే రాలిపోతుంది. రాలి, ఇసుక మీదో రాతి మీదో అద్దం మీదో అతుక్కుని, గట్టి పెంకు కట్టుకుంటుంది. ఆ పెంకు లోపల అది ముక్కలు ముక్కలుగా విడిపోతూ పెరుగుతుంది. కొన్ని పెంకులు మూడు రోజులకే పగులుతాయి, కొన్ని నెలకి. పరిశోధనలో నమోదైన అతి ఎక్కువ గడువు 72 రోజులు. పగిలినప్పుడు ఒక్కో పెంకు నుంచి పిల్లలు వందల్లో రావచ్చు. వాటికి ఒకట్రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. అవి ఎప్పుడు బయటకి వస్తాయో తెలుసా? ఎక్కువగా తెల్లవారుజామున, చీకట్లో. ఆ వేళకి మన ట్యాంగ్ రాయి సందులో, పెంకుల పక్కనే, కదలకుండా నిద్రపోతుంటుంది.

ఇప్పుడు వెల్లుల్లి సంగతి చూద్దాం. సోమవారం చుక్కలు కనిపించాయి. మంగళవారం మేతలో వెల్లుల్లి రసం కలిపారు. శనివారానికి చుక్కలు మాయం. "వెల్లుల్లి పని చేసింది!" అని గ్రూపులో పోస్టు. ఏమీ వెయ్యకపోయినా శనివారానికి చుక్కలు పోయేవే, పురుగు గడువు తీరి రాలిపోయింది అంతే. ఇప్పుడది కింద ఇసుకలో ఉంది, ఎన్నో రెట్లు కావడానికి. రెండు మూడు వారాలకి ఈసారి ఒళ్లంతా వస్తాయి. మొప్పల్లోకి వెళ్తాయి, చేప ఊపిరాడక పోతుంది. చాలా తొట్లలో మొదటి దాడి కంటే రెండోదే ప్రాణం తీస్తుంది. వెల్లుల్లి వాసనకి చేప మేత దగ్గరకి రావొచ్చు, అంతవరకు వేసుకోండి.

పురుగుకి మందు ఎప్పుడు తగులుతుందో కూడా చూడండి. చేప చర్మం కింద ఉన్నప్పుడు తగలదు, పెంకులో ఉన్నప్పుడు అస్సలు తగలదు. పెంకు పగిలి, ఈదుతూ చేపని వెతుక్కునే ఆ ఒకట్రెండు రోజుల్లోనే కాపర్, అంటే నీళ్లలో కలిపే రాగి మందు, దాన్ని చంపగలదు. అందుకే కాపర్ వైద్యం నెల రోజులు నడుస్తుంది, ఆ నెలంతా మోతాదు ఒక్క రోజు కూడా కిందికి పడకూడదు. కాపర్‌ని మీ మెయిన్ తొట్టిలో వెయ్యలేరు: రొయ్యలు, నత్తలు, పగడాలు, అనిమోన్లు చచ్చిపోతాయి, రాళ్లు ఇసుక దాన్ని పీల్చుకుని తర్వాత ఎప్పుడో వదులుతాయి. కాబట్టి చుక్కలు కనిపించాక మీకు మిగిలే దారి ఒక్కటే. రాళ్లన్నీ తీసి, చేపలన్నిటినీ పట్టుకుని, వేరే తొట్టిలో వైద్యం చేసి, మెయిన్ తొట్టిని 76 రోజులు చేప లేకుండా ఖాళీగా ఉంచడం. ఆ 72 రోజుల లెక్కకి నాలుగు రోజులు కలిపి 76 అంటారు. ఆ రెండున్నర నెలలు మీ ఇంట్లోవాళ్లు ఖాళీ తొట్టిని చూసి ఏమంటారో ఊహించుకోండి. (నవ్వులు)

దానికి బదులు కొత్త చేపని మొదటే ఆ వేరే తొట్టిలో పెట్టండి. అదే క్వారంటైన్. పెద్ద ఖర్చేం కాదు. రెండున్నర, మూడడుగుల మామూలు గాజు తొట్టి, ఇసుక వద్దు, రాళ్లు వద్దు. దాక్కోవడానికి ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ మోచేతులు, పైపు ముక్కలు. ట్యాంగ్ దూరి తిరగగలిగేంత లావువి తీసుకోండి. ఎయిర్ పంపు, స్పాంజ్ ఫిల్టర్. ఆ స్పాంజ్‌ని చేప రావడానికి నెల ముందే మీ సంప్‌లో, అంటే మెయిన్ తొట్టి కింద ఫిల్టర్లుండే తొట్టిలో, పడేసి ఉంచండి, అమ్మోనియాని తినే బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. పొడి స్పాంజ్‌తో మొదలుపెడితే మూడో రోజుకి అమ్మోనియా లేస్తుంది, చుక్కల కంటే ముందు అదే చేపని తీసుకుపోతుంది. అమ్మోనియా రోజూ చూడండి, కనిపిస్తే నీళ్లు మార్చండి. కాపర్ ఉన్న నీళ్లలో అమ్మోనియా తగ్గించే కండిషనర్లు మాత్రం వెయ్యకండి, కొన్ని కాపర్ మందులు వాటితో కలిస్తే చేపకి విషమవుతాయి.

మొదటి రెండు మూడు రోజులు మందు ఏమీ వద్దు. చేప తినడం మొదలుపెట్టనివ్వండి. తర్వాత కాపర్‌ని ఒక్కసారే గుమ్మరించకుండా రెండు మూడు రోజుల్లో మెల్లగా ఎక్కించండి, ట్యాంగ్‌లు కాపర్‌కి కొంచెం నాజూకు. మార్కెట్లో కాపర్ రెండు రకాలు. అయానిక్ కాపర్ అయితే 0.5 పీపీఎం (పది లక్షల్లో అర వంతు) దగ్గర పని చేస్తుంది, కీలేటెడ్ కాపర్, అంటే ఇంకో పదార్థంతో కట్టి ఉంచిన కాపర్ అయితే 2 నుంచి 2.5 పీపీఎం. ఈ రెండింటినీ తారుమారు చేస్తే ఒక వైపు పురుగు చావదు, ఇంకో వైపు చేప చస్తుంది. మీ సీసా ఏ రకమో, మీ టెస్ట్ కిట్ ఆ రకాన్ని కొలుస్తుందో లేదో, రెండూ చూసుకునే మొదలుపెట్టండి. రంగు పోల్చి చూసే కిట్ల కంటే అంకె చూపించే డిజిటల్ చెకర్ మేలు, ఎందుకంటే ఇక్కడ కళ్ల అంచనా చాలదు. నీళ్లు మార్చినప్పుడల్లా పోసే కొత్త నీళ్లలో కూడా అంతే కాపర్ కలపాలి.

ముప్పై రోజులయ్యాక కాపర్ లేని నీళ్లలో ఇంకో రెండు వారాలు చూడండి. ఆ నెలన్నరా నోరి పెడుతూనే ఉండండి. క్వారంటైన్ అంటే మందు తొట్టి అని మాత్రమే అనుకుంటారు. చిక్కి వచ్చిన చేపకి వీపు నిండేది కూడా అక్కడే, తరిమే చేపలేవీ లేకుండా.

మెరైన్ వెల్వెట్ గురించి ఒక్క ముక్క. అది వేరే జీవి, అమైలోడినియం. చుక్కలు కావు, పిండి రాలినట్టు సన్నటి పొడి. చాలాసార్లు ఆ పొడి కనిపించేలోపే చేప పోతుంది. వేవ్ మేకర్ (నీళ్లని కదిలించే పంపు) ప్రవాహానికి ఎదురుగా నిలబడి గబగబా మొప్పలాడిస్తూ, వెలుతురు తప్పించుకుంటూ, మేత మానేస్తే అనుమానించండి. అక్కడ మీకు వారాలు ఉండవు, గంటలే. ఆ రోజే బయటకి తీసి కాపర్‌లో పెట్టాలి.

ఇక రోగం కాకుండానే భయపెట్టేవి కొన్ని ఉన్నాయి, చెప్పకపోతే అనవసరంగా మందులు పోస్తారు. ఎల్లో ట్యాంగ్ రాత్రి రంగు మారుతుంది. లైట్లార్పాక టార్చి వేసి చూడండి: పసుపు వెలిసిపోయి, ఒంటి మధ్యలో తెల్లటి పట్టీ, దాని చుట్టూ గోధుమ మచ్చ. అది దాని నిద్ర వేషం. పొద్దున్న కల్లా మామూలు రంగు. బ్లూ ట్యాంగ్ రాళ్ల మధ్య ఇరుక్కుని పక్కకి ఒరిగి పడుకుంటుంది, బెదిరినప్పుడు చచ్చినట్టు పడి ఉంటుంది. వెంటనే చెయ్యి పెట్టకండి, అది బతికే ఉంది, కత్తీ దాని దగ్గరే ఉంది. ఎల్లో ట్యాంగ్ మీద మిరియపు పొడంత నల్ల చుక్కలు కనిపిస్తే అది ఇక్ కాదు, ఒక రకం చదును పురుగు. దానికి ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు వాడతారు, కాపర్ కాదు.

తల మీద, కళ్ల చుట్టూ, ఒంటి పక్క గీత వెంబడి చర్మం గుంటలు పడే జబ్బు చూసే ఉంటారు. దానికి తిండిలో లోపమే కారణమని చాలా కాలం అనుకున్నారు. 2011లో అమెరికాలోని టొలీడో జూ వాళ్లు సర్జన్ చేపల మీద పరీక్ష చేసి చూపించారు, నీళ్లు శుభ్రం చేయడానికి లిగ్నైట్ యాక్టివేటెడ్ కార్బన్ (ఒక రకం బొగ్గు) పెట్టిన తొట్లలో ఆ గుంటలు వచ్చాయి. కార్బన్ వాడితే బాగా కడిగి, కొంచెమే, కొద్ది రోజులే వాడండి. దుమ్ము రాలే నాసిరకం కార్బన్ అసలొద్దు.

నీళ్ల గురించి మనకి ప్రత్యేకమైనవి మాత్రం చెప్తాను, మామూలు సంగతులు మీకు తెలిసినవే: స్పెసిఫిక్ గ్రావిటీ (ఉప్పదనం కొలత) 1.025, అమ్మోనియా, నైట్రైట్ సున్నా. హైదరాబాద్‌లో చాలామంది వంటింటి ఆర్‌వో నీళ్లతో ఉప్పు కలుపుతారు. ఆ మెషీన్లలో ఎక్కువ భాగం "మినరల్స్" పేరుతో కొంత బోరు నీటిని శుద్ధి చెయ్యకుండానే మళ్లీ కలుపుతాయి. నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, మీటర్ యాభై, ఎనభై చూపిస్తే ఆ బైపాస్ మూసి, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ క్యాట్రిడ్జ్ ఒకటి తగిలించండి. మీటరు సున్నా చూపించాలి.

మే నెల సంగతి. ట్యాంగ్‌లకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. సంప్ మీద చిన్న ఫ్యాన్ పెడితే హైదరాబాద్ పొడి గాలికి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. విశాఖ, కాకినాడ వైపు తేమ గాలికి ఆ ఫ్యాన్ పెద్దగా పని చెయ్యదు, నీళ్లు చల్లబరిచే మెషీను, చిల్లర్, తప్పదు. ఆవిరైనంత మేరకు ఉప్పు లేని నీళ్లే పొయ్యాలి. కరెంటు పోయినప్పుడు లైట్లు, చిల్లర్ సంగతి తర్వాత, ఒక్క వేవ్ మేకర్‌ని ఇన్వర్టర్ లైనుకి కలిపి ఉంచండి. అది కుదరకపోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి అల్మారాలో ఉండాలి. రాత్రి రెండింటికి పోయిన కరెంటు పొద్దున ఆరింటికి వస్తే, ముందు పోయేది ట్యాంగే.

ప్రశ్నలుంటే అడగండి.

సభికురాలు: మాది విశాఖండీ. బీచ్‌లో రాళ్ల మీద ఆకుపచ్చ నాచు బోలెడంత ఉంటుంది. అది పెట్టొచ్చా?

అది చాలావరకు ఉల్వా అండీ, ట్యాంగ్‌లకి పండగే. కానీ ఊరి మురుగు కలిసే చోట, హార్బర్ దగ్గర ఏరకండి, నాచు ఆ నీళ్లలోని లోహాలన్నీ పీల్చుకుంటుంది. జనం లేని శుభ్రమైన చోట తీసి, మంచినీళ్లలో బాగా కడిగి, ఫ్రీజర్లో పెట్టి వాడండి. నాచుతో వచ్చే పీతపిల్లలు, పురుగులు దాంతో పోతాయి. మీరు సముద్రపు నీళ్లే తొట్టికి వాడుతున్నారా?

సభికురాలు: అవునండీ.

అయితే వానాకాలంలో ప్రతిసారీ కొలవండి. నదుల వరద నీళ్లు బంగాళాఖాతంలో కలిసి మన తీరం వెంబడి ఉప్పదనం బాగా తగ్గిపోతుంది. వేసవిలో తెచ్చిన నీళ్లూ, వరద తర్వాత తెచ్చిన నీళ్లూ ఒకటి కావు. తక్కువున్నంత మేరకు సాల్ట్ మిక్స్ కలిపి సరిచేసి పొయ్యండి. అదే బీచ్ నుంచి రాళ్లు, పగడపు ముక్కలు మాత్రం తేవద్దు. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది.

సభికుడు: వేరే చేపల ఒళ్లు శుభ్రం చేసే క్లీనర్ ష్రింప్ రొయ్య, క్లీనర్ రాస్ చేప పెడితే ఇక్‌ని తినేస్తాయంటారు?

పురుగు చర్మం కింద ఉంటుందని చెప్పాను కదా, వాటి నోటికి అందదు. క్లీనర్ రాస్ అయితే మన తొట్లలో ఆకలితో చిక్కి చచ్చేవే ఎక్కువ, కొనకండి. ష్రింప్ అందానికి పెట్టుకోండి.

సభికుడు: నా తొట్టిలో ఎల్లో ట్యాంగ్ ఉంది. రెండోది తెస్తే చంపుతుందా?

తొట్టి ఎంత?

సభికుడు: ఆరడుగులు.

ఒకే ఆకారం, ఒకే రంగు ఉన్నవి ఎక్కువ కొట్టుకుంటాయి. ఎల్లోకి ఎల్లో, సెయిల్‌ఫిన్ వద్దు. కోలె లాంటి వేరే ఆకారం తెచ్చుకోండి. కొత్తదాన్ని వారం రోజులు చిల్లుల డబ్బాలో తొట్టి లోపలే ఉంచండి, పాతది దాని చుట్టూ తిరిగి తిరిగి విసుగు చెందుతుంది. తొట్టి పక్క గాజుకి బయట నుంచి ముఖం చూసుకునే చిన్న అద్దం ఆనించినా పాతది కొన్ని రోజులు తన నీడతోనే తగువులాడుకుంటుంది. అన్ని చేపల్లోకీ ట్యాంగ్‌ని చివర్లో తేవడం మంచిది. ముందొచ్చింది ఇల్లు తనదంటుంది.

సభికుడు: నాలుగడుగుల తొట్టి, మొదటి ట్యాంగ్. ఒక్క పేరు చెప్పండి సార్.

టొమిని. చిన్నది, గొడవ తక్కువ, పౌడర్ బ్లూతో పోలిస్తే రోగాలకి ఓర్చుకుంటుంది. అందంలో పౌడర్ బ్లూకి సాటి లేదు, మన లక్షద్వీప్, అండమాన్ దిబ్బల్లో గుంపులుగా తిరిగే చేప. కానీ తొట్టిలో చుక్కలు ముందు దానికే వస్తాయి, దాన్ని నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి వదిలెయ్యండి. టొమిని తెచ్చే ముందు తొట్టికి కనీసం ఆరు నెలలు నిండనివ్వండి, రాళ్ల మీద గోధుమ రంగు పొర కనబడాలి.

టైమ్ అయిపోయిందంటున్నారు. కాపర్ చెకర్, రెండు రకాల కాపర్ సీసాలు తెచ్చాను, ఆ పక్క టేబుల్ మీద ఉన్నాయి. కొలవడం ఎలాగో చూడాలనుకున్నవాళ్లు టీ తాగి అటు రండి. మీ సొంత కిట్ తెచ్చుకున్నవాళ్లు దాన్ని కూడా పట్టుకురండి, రెండు రీడింగులూ పక్కపక్కన పెట్టి చూద్దాం.